జవాబు చెబితే... పెద్దబాతు!

ఎమ్మెస్సీ గణితంలో చేరినవాళ్లను కాస్త బెదరగొట్టే పేపరు ఒకటుంది. అదే ఫంక్షనల్ అనాలిసిస్. పుస్తకం తెరిస్తే చాలు, ఎక్కడ చూసినా బనాక్ అన్న పేరే. తల పట్టుకునే విద్యార్థుల్లో చాలామందికి తెలియని సంగతేంటంటే... ఆ శాస్త్రం తరగతి గదిలోనే కాదు, కాఫీ హోటల్లోనూ పెరిగింది!

స్టెఫాన్ బనాక్‌ది పోలండ్. అప్పటికింకా గణితంలో డిగ్రీ లేదు. 1916లో క్రాకో నగరంలోని ఓ పార్కులో స్నేహితుడితో కూర్చుని లెబేగ్ సిద్ధాంతం గురించి మాట్లాడుతున్నాడు. ఆ మాటలు అటుగా వెళ్తున్న గణితవేత్త స్టైన్‌హౌస్ చెవిన పడ్డాయి. ఆగి పలకరించాడు. ఆ పరిచయమే బనాక్‌ను ల్వూఫ్ నగరంలో ప్రొఫెసర్‌ని చేసింది. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. పేరు ల్వీవ్.

ఇంతకీ ఏమిటీ సబ్జెక్టు? వీణ తీగ మీటితే వచ్చే నాదంలో ఎన్నో స్వరాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూపేది హార్మోనిక్ అనాలిసిస్. ఫంక్షనల్ అనాలిసిస్ ఆ నాదం మొత్తాన్నీ ఒక్క చుక్కగా భావిస్తుంది. అలాంటి చుక్కలన్నీ కలిస్తే ఓ లోకం. మన గదికి పొడవు, వెడల్పు, ఎత్తు... మూడే కొలతలు. ఆ లోకానికి అనంతం!

ల్వూఫ్‌లో బనాక్, మజూర్, ఉలామ్ తదితరులు స్కాటిష్ కేఫ్‌లో చేరేవారు. గంటలకొద్దీ చర్చ. పాలరాతి బల్లలే పలకలు. తర్వాత బల్ల తుడిస్తే లెక్కలన్నీ మాయం. దాంతో బనాక్ భార్య లూసియా ఓ లావుపాటి నోటుబుక్కు కొనిచ్చింది. 1935 నుంచి ప్రశ్నలన్నీ అందులోకే. కొన్నిటికి బీరు, వైన్ లాంటి బహుమతులూ ఉండేవి. 1936లో 153వ ప్రశ్న రాసిన మజూర్ మాత్రం బతికున్న పెద్దబాతును ఇస్తానన్నాడు!

ఇంతలో యుద్ధం. 1941లో నాజీలు ఆ ఊళ్లో ఎందరో ప్రొఫెసర్లను కాల్చిచంపారు. టైఫస్ టీకా సంస్థలో పేలకు తన రక్తం పట్టించే పనిచేసి బనాక్ ప్రాణం నిలుపుకున్నాడు. 1945లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. నోటుబుక్కు మాత్రం మిగిలింది. స్టైన్‌హౌస్ దాన్ని చేత్తో ఎత్తిరాసి అమెరికాలోని ఉలామ్‌కు పంపాడు.

మరి ఆ బాతు? స్వరాలను పేర్చి నాదాన్ని కట్టినట్టు, బనాక్ లోకాలన్నిటిలోనూ కట్టగలమా అన్న ప్రశ్నకు 153వ ప్రశ్న దగ్గరి చుట్టం. అలా కట్టడానికి వీల్లేని లోకమూ ఉందని 1972లో తేల్చాడు స్వీడన్ గణితవేత్త పెర్ ఎన్‌ఫ్లో. ఆయన పియానో కచేరీలు కూడా చేస్తాడు. మజూర్ మాట తప్పలేదు. వార్సాలో బాతును అందించాడు.

మహామహులకే ఒక్క ప్రశ్న 36 ఏళ్లు పట్టింది. ఒక్క రాత్రిలో సిద్ధాంతం బుర్రకెక్కలేదని కుమిలిపోవడం ఎందుకు? గదిలో ఒంటరిగా బట్టీపట్టే బదులు ఇద్దరు మిత్రులతో టీ బల్ల దగ్గర కూర్చుంటే సరి. అర్థంకానిదాన్ని రాసుకోవడానికి ఓ నోటుబుక్కు మాత్రం మరవకూడదు!