వెళ్ళేటప్పుడు అడిగే మాట ముందే అడిగితే?



ఈసారి ఉగాది భోజనాల దగ్గర విన్న ఒక మాట మమ్మల్ని ఇంకా వదల్లేదు. బెంగళూరు ఐటీఐలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన పక్కన మన కుర్రాడొకడు కూర్చున్నాడు. "ఏం నాయనా, ఎక్కడ పని?" అని ఆయన అడిగితే, "ఆరేళ్ళలో ఇది నాలుగో కంపెనీ తాతగారూ" అన్నాడు. "మేం ఇన్నిసార్లు బస్సు కూడా మారలేదయ్యా!" అన్నారాయన. అందరం నవ్వాం. కుర్రాడు నవ్వలేదు.

తర్వాత విషయం చెప్పాడు. పోయిన కంపెనీలో వేరే ప్రాజెక్టు ఇమ్మని మూడుసార్లు అడిగాడట. జవాబు లేదు. రాజీనామా పెట్టిన మర్నాడే మేనేజర్ పిలిచి, "నీకేం కావాలో చెప్పు, చేద్దాం" అన్నాడట. "అడిగినప్పుడు వినని మనిషి, పోతుంటే వింటానంటే ఎలా నమ్మేది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మన కుటుంబాలు చాలావరకు హెచ్ఏఎల్, ఐటీఐ, బీఈఎల్, హెచ్ఎంటీల నీడలోనే నిలదొక్కుకున్నాయి. క్వార్టర్స్, క్యాంటీన్, కంపెనీ బస్సు ఉండేవి. అలాగని ఆ కాలాన్ని మరీ పొగడనక్కర్లేదు. ప్రమోషన్ కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూశారు. 1980-81లో ఇదే బెంగళూరులో ప్రభుత్వ రంగ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. మనవాళ్ళు అన్నేళ్ళు ఉండిపోయారంటే, బయట వేరే దారి తక్కువ కావడం కూడా ఒక కారణమే.

వెళ్ళకపోవడం వేరు, ఉండాలనుకోవడం వేరు. పెద్ద కంపెనీలు ఈ తేడానే మరిచిపోతున్నాయని మా అభిప్రాయం.

2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ అట్రిషన్ 28.4 శాతం. అంటే ఏడాదిలో నూటికి 28 మంది తమంతట తాము మానేసిన లెక్క. 2024 మార్చి నాటికి అది 12.6 శాతానికి దిగింది. టీసీఎస్‌లోనూ ఇదే కాలంలో 21.5 దాకా ఎక్కి 12.5కి వచ్చింది. అంకె దిగింది కాబట్టి ఉద్యోగులు సంతోషంగా ఉన్నారనుకుందామా? ఆ రెండేళ్ళలో బయట ఉద్యోగాలే తగ్గాయి. తలుపు మూసుకుంటే గదిలో ఉన్నవాళ్ళు గదిలోనే ఉంటారు!

మనుషుల్ని నిలుపుకోవడానికి కంపెనీలు చేసేవి చూడండి. 90 రోజుల నోటీస్ పీరియడ్ పెడతారు. అది కట్టెయ్యడమే తప్ప నిలుపుకోవడం కాదు. ఏడాదికోసారి పేరు రాయక్కర్లేని సర్వే పంపుతారు. అయిదుగురున్న టీంలో ఎవరేం రాశారో తెలియకుండా ఉంటుందా? పిల్లలు భయపడి "అంతా బాగుంది" అని నొక్కేస్తారు. ఇక జీతం సంగతి. ఫ్రెషర్‌కి పదేళ్ళకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. అదే పనికి బయటినుంచి వచ్చినవాడికి పాతవాడికంటే ఎక్కువిస్తే, నమ్మకంగా ఉన్నవాడే నష్టపోయాడన్నమాట. ఇది చూసిన పిల్లలు ఇంకేం నేర్చుకుంటారు?

అయితే తప్పంతా కంపెనీలదేనా? పెళ్ళిచూపుల్లో మనం మొదట అడిగేది "ప్యాకేజీ ఎంత?" అనే. "పని బాగుందా, మేనేజర్ మంచివాడా?" అని మనలో ఎవరం అడిగాం? పక్కింటి అబ్బాయి మారాడని మనవాణ్ణీ తొందరపెడతాం. సర్వీసు అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుందని ఎంతమందిమి గుర్తుచేశాం?

ఇంకో మాట. ఇది చదువుతున్న సభ్యుల్లో మేనేజర్లు, హెచ్ఆర్‌లో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. జీతాలు పెంచడం మీ చేతిలో లేకపోవచ్చు. మూడు నెలలకోసారి మీ కింద పనిచేసే ఒక్కొక్కరితో పావుగంట కూర్చోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది. "ఏం ఇబ్బంది? ఏం నేర్చుకోవాలనుంది?" అని అడగండి. చెప్పింది రాసుకోండి. కుదరనిదైతే కుదరదని నేరుగా చెప్పండి. జవాబే లేకపోవడం కంటే అదే నయం.

మన సంఘం తరఫునా ఒక పని చేద్దాం. నెలలో ఒక ఆదివారం ఉదయం, అనుభవమున్న సభ్యులు నలుగురు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలతో కూర్చోవాలి. ఉపన్యాసాలు వద్దు, వాళ్ళు చెప్పేది వింటే చాలు. హాలు ఎలాగూ ఆ పూట ఖాళీగానే ఉంటుంది. వీలున్నవాళ్ళు కింద పేరు రాయండి.

ఆ కుర్రాడు మొదటి ఆదివారం వస్తానన్నాడు. వినడానికి మనలో ఎవరు వస్తారు?