కట్టె ముట్టొచ్చు, కూడు ముట్టొద్దు

వ్యాపారానికి కులం లేదు, రూపాయికి మైల లేదు అని మనకి బోధించేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఉద్యోగాల కోసం దేబిరించొద్దంట. రిజర్వేషన్ల మాట వదిలేసి నాలుగు డబ్బులు పెట్టుబడి పెట్టుకుంటే కులం దానంతటదే రాలిపోద్దంట. ఈ మాట చెప్పేవాళ్లలో మనోళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరికీ మా నాయన చేసిన వ్యాపారం గురించి చెప్పాలి.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న టౌను పక్కనున్న మాదిగపల్లె. మా నాయన పన్నెండేళ్లు ఒక ఆసామి అడితిలో మొద్దులు చీల్చాడు. 1997లో సొంత అడితి పెట్టాడు. అడితంటే ఏముంది? డొంక పక్కన అద్దె జాగా, రెండు గొడ్డళ్లు, ఒక సమ్మెట, నాలుగు ఇనప చీలలు, ఒక రంపం, ఒక కాటా, ఒక రిక్షా. అమ్మ, అక్క, నేను జీతం లేని కూలోళ్లం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటోణ్ణి నేనే. ఆ ఫీజులన్నీ చిల్లకంప కట్టిందే.

చిల్లకంపంటే సర్కారు తుమ్మ. ఎక్కడో అమెరికా ఖండాల చెట్టు. 1870ల్లో తెల్లదొరలు తెచ్చి కడప వైపు నాటించారంటారు. ఇప్పుడు చెరువు, వాగు, బీడు అంతా దానిదే. పరాయి దేశపు ముళ్లచెట్టుకి ఈ నేల మీద దొరికిన జాగా, ఈ నేల దున్నినోళ్లకి దొరకలేదు. చెరువులో కంపకి పంచాయతీ వేలం పెట్టేది. వేలం ఎవరైనా పాడొచ్చని కాయితం మీద రాసుండేది. ధరావతు కట్టగలిగినోడు, పాడినాక ఊళ్లో బతకగలిగినోడు పాడాలి గదా! ఎప్పుడూ ఊళ్లో ఆసాములే పాడేవాళ్లు. వాళ్ల దగ్గర మా నాయన టన్నుల లెక్కన మారుబేరం కొనేవాడు. ముల్లు మాకు, లాభం వాళ్లకు.

కొన్నది పచ్చికట్టె. టన్ను కొంటే ఎండేసరికి ఏడు వందల కిలోలు కూడా తూగదు. కొన్న బరువుకి మేం డబ్బులిస్తాం, ఎండిన బరువుకి మాకు డబ్బులొస్తాయి. చీల్చి, గాలి ఆడేటట్టు అడ్డదిడ్డంగా పేర్చి, రెండు మూడు నెలలు ఎండకి వదలాలి. అన్నాళ్లు డబ్బు కట్టె రూపంలో కట్టుబడి ఉంటది. వానాకాలానికి ముందే సరుకు చేర్చుకోవాలి. చేతిలో డబ్బున్నోడు చేర్చుకుంటాడు. మా నాయన వడ్డీకి తెచ్చి చేర్చుకున్నాడు. గొడ్డలి మీద కవిత్వం రాసే అన్నలు ఈ లెక్క ఎందుకు రాయరో నాకు తెలవదు. గొడ్డలి మాకు ఎప్పుడూ ఇచ్చారు. ఇవ్వనిది కాటా, వేలంపాట, అప్పు.

మా కట్టెలు ఎవరు కొన్నారు? ఊరంతా కొన్నారు. హోటళ్లవాళ్లు కొన్నారు. పెళ్లిళ్ల వంటవాళ్లు కొన్నారు. సంతర్పణలకి కొన్నారు. మనిషి పోతే కాష్టానికి మూడు నాలుగు క్వింటాళ్లు అర్ధరాత్రి తలుపుకొట్టి మరీ తోలించుకున్నారు. కాని రిక్షా పెరటి గుమ్మం దగ్గరే ఆగాలి. డబ్బులు చేతిలో పెట్టరు, అరుగు మీద పెడతారు. అదీ పెడితే! ఎక్కువ మందిది ఖాతా. పండగకిస్తాం, పంటకిస్తాం. బాకీ అడగడానికి పోతే ఒకాయన, "ఏందిరా, మా ఇంటి ముందుకొచ్చి నిలబడి అడిగేంత మొనగాడివయ్యావా?" అన్నాడు. షావుకారు అడిగితే అది బాకీ. మాదిగోడు అడిగితే అది పొగరు. ఏ బడిలో చెప్తారు ఈ అర్థశాస్త్రం?

మరి మైల అనేవాళ్లు మా కట్టె ఎట్టా కొన్నారు? ఆ సంగతి మాకు 2006లో తెలిసొచ్చింది. హోటళ్లు గ్యాసుకి మళ్లి బేరం తగ్గింది. మా అమ్మ టౌను సెంటర్లో ఇడ్లీ బండి పెట్టింది. అదే కట్టె, అదే మనుషులు, ఊళ్లో హోటలు కన్నా అర్ధరూపాయి తక్కువ. దారినపోయే పరాయి ఊరోళ్లు తిన్నారు. మా పల్లెవాళ్లు తిన్నారు. తొమ్మిదేళ్లు మా కట్టె కొన్నోళ్లు ఒక్కరు రాలేదు. వాళ్లలో ఒకడు మా నాయన మొహం మీదే అన్నాడు: "కట్టెలైతే కాలిపోతాయి గదరా, ఇడ్లీ ఎట్టా కాలుద్ది?" మూడు నెలల్లో బండి మూతపడింది.

ఇదీ మీరు చెప్పే మార్కెట్టు. కాలి బూడిదయ్యేదైతే మన చేతిది కొంటారు. కడుపులోకి పోయేదైతే కొనరు. ఈ సరిహద్దు ఏ చట్టంలోనూ లేదు. ఊళ్లో ప్రతివాడికీ తెలుసు.

అప్పు ఇస్తున్నారు గదా అంటారు. ఎస్సీ కార్పొరేషన్ 1974 నుంచీ ఉంది. సబ్సిడీ అది ఇస్తది, అప్పు బ్యాంకు ఇవ్వాలి. నాయన కాయితం ఒక బ్యాంకులో రెండేళ్లు పడుకుంది. హామీ ఎవరన్నారు. హామీ ఉండేంత ఆస్తి ఉంటే అప్పెందుకు? 2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. పది లక్షల నుంచి కోటి దాకా ఇస్తామన్నారు. పది లక్షలకి తక్కువ దాని కిందకి వచ్చేది కాదు. వానకి ముందు కట్టె చేర్చుకోడానికి ముప్ఫై వేలు చాలే మనిషి దాని గుమ్మం కూడా ఎక్కలేకపోయాడు.

నాయన 2015లో అడితి ఎత్తేశాడు. నేను గవర్నమెంటు బడి పంతుల్నయ్యాను. అది అప్పటి సంగతి అంటారేమో. బడి సంగతి చెప్తా వినండి. పిల్లలకి వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యమివ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. 2017లో నేను పనిచేసిన బడికి కట్టెలు మాలపల్లె నుంచి వచ్చేయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పల్లె అక్క ఒకామె గరిటె పట్టుకున్న రోజు నుంచీ పదకొండు మంది పిల్లలు ఇళ్ల నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. నేను ఆ తల్లిదండ్రుల దగ్గరికి పోయి కోర్టు ఆర్డరు చదివి వినిపించాను. "మాకు కులం పట్టింపు లేదు సారూ, పిల్లాడికి కారం పడదు" అన్నారు. పదకొండు మందికీ ఒకేసారి కారం పడకుండా పోయింది!

అందుకే సంఘాల్లో పనిచేసే అన్నల్నీ అక్కల్నీ, చదువుకుంటున్న తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ అడుగుతున్నాను. మనోళ్లు వ్యాపారం చెయ్యాల్సిందే. కాని వ్యాపారం కులాన్ని చంపుతుందని నమ్మి పోరాటం మానొద్దు. చెరువు కంప వేలంలో మనకి వాటా అడగండి. హామీ లేని చిన్న అప్పు అడగండి. ఎగ్గొట్టిన ఖాతా డబ్బుల్ని కూలి ఎగ్గొట్టినట్టే లెక్కకట్టి నిలదియ్యండి. 2004 నాటి ఆర్డరు పట్టుకుని మీ ఊరి బడికి పోండి. కట్టెలెవరివని అడగొద్దు. గరిటె ఎవరి చేతిలో ఉందో, ఆ అన్నం ఎవరు తినడంలేదో చూసి రండి.