చైను తెగేదాక చూడొద్దు... బైకు కూడా పనిముట్టే!

మృగశిర కార్తె దగ్గర పడిందంటే రైతు నాగలి కర్రు చూసుకుంటాడు. గొర్రు సరిచేసుకుంటాడు. విత్తనాలకు, ఎరువులకు ఎక్కడెక్కడ అప్పు పుడుతుందో లెక్కలు వేసుకుంటాడు. కానీ ఆ విత్తనాన్నీ, ఎరువునూ మోసుకొచ్చే బైకు చైను వంక మాత్రం చూడడు. నడిరోడ్డు మీద చైను తెగి, వెనక రెండు యూరియా బస్తాలతో వానలో నిలబడినప్పుడు గానీ దాని సంగతి గుర్తుకు రాదు.

నారాయణఖేడ్ ప్రాంతంలో ఇప్పుడు బైకు షోకు వస్తువు కాదు. ఎడ్లు తగ్గినకొద్దీ ఎడ్లబండి చేసే పనిలో సగం బైకు మీద పడింది. తెల్లారితే పాల క్యాన్లు, పగలు గడ్డి మోపులు, మందు పిచికారీ పంపు, సాయంత్రం కూరగాయల సంచులు, రాత్రి చేను కాపలా. కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద వైపు తండాల నుంచి ఖేడ్ మార్కెట్‌కు రావాలన్నా, బీదర్ ఆస్పత్రికి పోవాలన్నా అదే దిక్కు. అవి కొత్త బండ్లు కూడా కావు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ కోవకు చెందిన బండ్లు చేతులు మారి మారి ఊళ్లకు చేరుతున్నాయి. ఇంజను గట్టిదే. ముందుగా ప్రాణం పోయేది చైనుకే.

లింకు కోస్తే కొత్తదవుతుందా?

ఈ వ్యాసకర్తకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. కొన్నేండ్ల కింద పాత బండి చైను వదులై కవరుకు కొట్టుకుంటుంటే ఒక దుకాణానికి తీసుకుపోయాను. అడ్జస్టరు చివరిదాకా వచ్చేసింది. "కిట్టు ఎందుకు సార్, రెండు లింకులు కోస్తే ఇంకో ఏడాది నడుస్తది" అన్నారు. పైసలు మిగిలాయని సంతోషపడ్డాను. నెల తిరక్కముందే పొద్దుగూకే వేళ కంగ్టి రోడ్డులో ఆ చైను తెగి ముందు పళ్లచక్రానికి చుట్టుకుంది. బండి ఈడ్చుకుంటూ ఆగింది. వేగం తక్కువ కాబట్టి మనిషికి ఏమీ కాలేదు గానీ, ఇంజను కేసు పగిలింది. దాని ఖర్చు నాలుగు కిట్ల ఖర్చు దాటింది.

అందులో దుకాణదారుని తప్పు ఎంతో, నా తప్పూ అంతే. "చవకలో అయ్యేది చూడు" అన్నది నేనే. మన మెకానిక్‌లకు లింకులు కోసే అలవాటు చేసింది మనమే.

అసలు సంగతి ఏమిటంటే చైను రబ్బరులా సాగదు, అరుగుతుంది. ప్రతి లింకులో ఒక పిన్నూ, దాని చుట్టూ ఒక బుష్షూ ఉంటాయి. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హన్స్ రెనాల్డ్ ఈ బుష్ రోలర్ చైనుకు పేటెంటు తీసుకున్నాడు. మన విత్తన గొర్రులో, నూర్పిడి యంత్రంలో తిరిగేదీ ఈ జాతి చైనే. పిన్ను, బుష్షు రాసుకుని వెంట్రుక మందం అరిగితే, వంద పైచిలుకు లింకుల్లో అది కలిసి ఇంచు దాకా పెరుగుతుంది. రెండు లింకులు కోస్తే చైను పొడుగు తగ్గుతుంది గానీ, లింకుకూ లింకుకూ మధ్య పెరిగిన దూరం తగ్గదు. ఆ దూరం పళ్ల దూరానికి సరిపడక చైను పళ్ల మీదికి ఎక్కుతుంది. బరువు పడినప్పుడు జారుతుంది, లేదా తెగుతుంది.

అడుగు బద్ద చాలు

చైను అరిగిందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. బడి పిల్లల అడుగు బద్ద చాలు. వంద సీసీ బండ్ల చైను ఎక్కువగా 428 నంబరుది. అందులో మొదటి 4 అంటే ఇంచును ఎనిమిది భాగాలు చేస్తే నాలుగు భాగాలు, అంటే అర ఇంచు. ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి అర ఇంచు దూరమన్న మాట. కాబట్టి కొత్త చైనులో 24 లింకులు కలిసి సరిగ్గా ఒక అడుగు. ఇంజను ఆపి, చైను బిగుతుగా లాగి పట్టి, ఒక పిన్ను నుంచి లెక్కపెట్టి 24 లింకులు కొలవండి. అడుగు మీద మూడు మిల్లీమీటర్లు పెరిగితే కిట్టుకు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి. ఆరు మిల్లీమీటర్లు పెరిగితే ఇక ఆ బండి మీద బరువు వేయొద్దు. బుల్లెట్ వంటి పెద్ద బండ్ల చైను కొలత వేరు, వాటికి ఈ లెక్క పనికిరాదు.

ఇంకో గుర్తు. వెనక పళ్లచక్రం మీద చైనును వెనక్కి లాగి చూడండి. సగం పన్ను బయటికి కనబడితే చైను పని అయిపోయినట్టే. పళ్లు కొడవలి కొనలా ఒక పక్కకు వంగి ఉంటే చక్రాల పనీ అయిపోయినట్టే.

మూడూ ఒకేసారి

చాలామంది చైను ఒక్కటి మార్చి, మన మెకానిక్‌లు సాకెట్లు అనే పళ్లచక్రాలను అట్లాగే ఉంచుతారు. ఇది దండగ పని. అరిగిన పళ్లు కొత్త చైనును తొందరగా తినేస్తాయి. పాత చైను కొత్త పళ్లనూ అంతే చేస్తుంది. చైను, ముందు చక్రం, వెనక చక్రం మూడూ కలిపి మార్చాలి. వంద సీసీ బండికి కిట్టు ధర కంపెనీని బట్టి ఒక డీఏపీ బస్తా ధరకు అటూ ఇటూగా ఉంటుంది. బాగా చూసుకుంటే ఇరవై వేల కిలోమీటర్ల దాకా వస్తుంది. అంత పైకం చేతిలో లేకపోతే, సమకూరేదాక నెమ్మదిగా, ఒంటరిగా నడపడం మేలు గానీ లింకు కోయడం మేలు కాదు.

కొనేముందు పాత చక్రాల పళ్లు లెక్కపెట్టుకోండి. ముందు 14, వెనక 42 ఉన్నాయనుకుందాం. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కొందరు బరువు బాగా లాగుతుందని ముందు 13 పళ్లది వేయించుకుంటారు. లాగుడు నూటికి ఏడెనిమిది వంతులు పెరిగే మాట నిజమే. కానీ అదే వేగానికి ఇంజను అంత ఎక్కువ తిరగాలి. చేనుకూ ఊరికీ మధ్యనే తిరిగే బండికి సరే గానీ, రోజూ రోడ్డెక్కే బండికి కంపెనీ ఇచ్చిన పళ్లే మంచివి.

బిగించేటప్పుడు దగ్గర నిలబడి నాలుగు సంగతులు చూడండి. చైను లాకు మూసి ఉన్న కొన, చైను పరిగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే రాయి తగిలి ఊడిపోవచ్చు. పాత లాకు మళ్లీ వాడొద్దు. వెనక చక్రానికి రెండు పక్కలా అడ్జస్టరు గుర్తులు సమానంగా ఉండాలి. హబ్బులోని రబ్బర్లు నలిగి ఉంటే అప్పుడే మార్పించండి.

చైను మరీ బిగుతు చేయించొద్దు. మనిషి, బస్తా ఎక్కితే వెనక చక్రం పైకి లేచి చైను ఇంకా బిగుస్తుంది. అప్పుడు గేరుబాక్సు బేరింగు మీద దెబ్బ. వంద సీసీ బండ్లకు దాదాపు ఇంచు వదులు ఉండాలి. కచ్చితమైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది. చక్రం తిప్పుతూ చైను ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడే ఈ వదులు చూడాలి.

కందెన మరిచిపోయామా?

మన తాతలు ఆముదంలో గడ్డి మసి కలిపి ఇరుసుకు కందెన పెట్టనిదే బండి కట్టేవారు కాదు. మనం నల్లరేగడి బురదలో బైకు నడిపి, ఆ బురదతోనే ఇంటి ముందు నిలబెడుతున్నాం. బురదలోని ఇసుక ఆకురాయిలా చైనును అరగదీస్తుంది. పాత బండ్లకు కంపెనీ ఇచ్చిన నిండు చైను కవరు ఇందుకే. అది గడగడలాడుతోందని పీకి పారేస్తున్నారు. పారేయొద్దు, బోల్టులు బిగించుకోండి.

అయిదు వందల కిలోమీటర్లకు ఒకసారి, వానకాలంలో ఇంకా ముందే, డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు పట్టించండి. ఇంజనులోంచి తీసిన నల్ల ఆయిలు వద్దు. అందులో మసీ, ఇనుప రజనూ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి చైను తుడవొద్దు. గుడ్డతో పాటు వేళ్లు కూడా పళ్లలోకి పోతాయి. చక్రాన్ని చేత్తోనే మెల్లగా తిప్పాలి.

వెనక కూర్చునే ఆడవాళ్ల సంగతీ చూడాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 123వ నియమం ప్రకారం, వెనక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. పాల క్యాన్ల స్టాండు కోసం చీర గార్డు విప్పేసిన బండి మీద ఇంటి ఇల్లాలిని కూర్చోబెట్టడం న్యాయం కాదు.

సర్కారు కూడా ఆలోచించాలి

2014-15లో కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణకు ప్రత్యేకంగా ఉప పథకం తెచ్చింది. ట్రాక్టర్లు, రోటవేటర్లు రాయితీ లెక్కలోకి వచ్చాయి. మంచిదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్టీ 5 శాతానికి దిగింది. అదీ మంచిదే. అదే రోజు మోటారు సైకిలు విడిభాగాల మీద 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు ఎక్కడిది? అతని ట్రాక్టరు, ఎడ్లబండి, అంబులెన్సు అన్నీ ఆ పాత బైకే. పెద్ద రైతు ట్రాక్టరు భాగానికి 5 శాతం, చిన్న రైతు చైనుకు 18 శాతం ఏ లెక్కన న్యాయమో పాలకులు చెప్పాలి. కనీసం చైను కిట్టు, బ్రేకులు, టైర్ల వంటి ప్రాణరక్షణ సామాన్ల మీద పన్ను ఇంకా తగ్గించాలి.

పన్ను తగ్గేదాక ఆగనక్కర్లేని పని ఇంకొకటి ఉంది. రైతు వేదికల్లో విత్తనాల మీద, ఎరువుల మీద మాట్లాడుతున్నారు. వానకాలం ముందర ఒక పూట ఐటీఐ విద్యార్థులనూ, ఊరి మెకానిక్‌నూ పిలిచి బైకు చైను, బ్రేకు చూపిస్తే ఖర్చేమీ కాదు. పిల్లలకు పని వస్తుంది, రైతుకు జ్ఞానం వస్తుంది.

రైతు సోదరులారా! నిజాంపేట దగ్గర 161వ జాతీయ రహదారి ఎక్కితే నాందేడ్ వైపు లారీలు ఎంత వేగంతో పోతాయో మీకు తెలుసు. ఆ రోడ్డు నడుమ చైను తెగితే వెనక వచ్చే లారీ మన బీదరికం చూసి ఆగదు. కొత్త కిట్టు కొన్నప్పుడు బిల్లు తీసుకోండి, నాసిరకం అయితే అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది. ఈ ఆదివారం ఒక అడుగు బద్ద తీసుకుని బండి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. 24 లింకులు కొలవండి. మన వెనక కూర్చునే పెళ్లాం పిల్లల కోసమైనా ఆ పది నిమిషాలు పెట్టాలె.