మన ఊరికి కప్పు తెచ్చిన మనోలో

గూగుల్ చేయకుండా చెప్పండి చూద్దాం. హైదరాబాద్ జట్టు ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది ఎప్పుడు?

2022 మార్చి 20. ఇంకో ఐదు రోజుల్లో ‘ఆర్ఆర్ఆర్’ రిలీజ్. ఊరంతా టికెట్ల గోలలో ఉంది. అక్కడ గోవాలో మనోలో మార్క్వెజ్ అనే బార్సిలోనా పెద్దాయన మన ఊరి పేరు మీద కప్పు కొట్టేశాడు. మనలో చాలామందికి తెలీనే తెలీదు.

బార్సిలోనా అనగానే మెస్సీ గుర్తొస్తాడేమో, ఆగండి. ఈయనది ఆ వీధి కాదు. ఆటగాడిగా కింది డివిజన్లు దాటలేదు. కోచ్‌గానూ ఏళ్ల తరబడి బడలోనా, ఎస్పాన్యోల్ ‘బి’ లాంటి జట్లే. అప్పట్లో స్పెయిన్ మూడో డివిజన్ అంటే నాలుగు గ్రూపులు, 80 జట్లు. ‘బి’ జట్టు కోచ్ పని ఇంకా విచిత్రం. మంచి కుర్రాడు తయారైతే పెద్ద జట్టువాళ్లు లాగేసుకుంటారు. ఎంత బాగా ఆడినా పెద్ద జట్టున్న డివిజన్‌లోకి వెళ్లనివ్వరు. వండేది ఈయన, తినేది వాళ్లు.

2017లో లాస్ పాల్మాస్ పెద్ద జట్టు చేతికొచ్చింది. 48 ఏళ్ల వయసులో లా లిగా! సెప్టెంబర్ దాటకముందే రాజీనామా. తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్.

హైదరాబాద్‌కైనా ముందు అనుకున్నది ఈయన్ని కాదు. ఆల్బర్ట్ రోకాని. 2020 ఆగస్టులో బార్సిలోనా పిలిస్తే రోకా వెళ్లిపోయాడు. సీజన్ ముందు ఖాళీ అయిన కుర్చీలోకి మనోలో వచ్చాడు. అంతకుముందు సీజన్‌లో మన జట్టు పది జట్లలో పదోది.

వచ్చీరాగానే ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని దింపాడు. ‘బి’ జట్ల అలవాటు కదా, పేరు లేని పిల్లల్ని నమ్మడం ఆయనకి కొత్త కాదు. మొదటేడు ఐదో స్థానం. రెండో ఏడు ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టి ముందుంది, స్టేడియం నిండా పసుపు జెర్సీలే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి ఒక్కటి పేల్చాడు... స్కోరు సమం! పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే. గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే గచ్చిబౌలి జట్టు చాంపియన్.

2024లో టీమిండియా కోచ్‌ని చేశారు. ఎఫ్‌సీ గోవా పని కూడా వదల్లేదు, రెండు పడవల ప్రయాణం. ఇండియాకి 8 మ్యాచ్‌లు, 1 గెలుపు, 4 డ్రాలు, 3 ఓటములు. అందులో మూడు మ్యాచ్‌లు గచ్చిబౌలిలోనే. మారిషస్‌తో డ్రా, సిరియా చేతిలో 0-3, మలేషియాతో డ్రా. 2025 జులైలో పక్కకి తప్పుకున్నాడు. అదే ఏడాది మేలో ఎఫ్‌సీ గోవాకి సూపర్ కప్ గెలిపించిన మనిషే!

తప్పంతా ఆయనదేనా? నాకలా అనిపించదు. రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో బతిమాలి వెనక్కి తేవాల్సి వచ్చిందంటే, దేశంలో గోల్ కొట్టేవాడు ఎంత కరువో చూడండి. ఐఎస్ఎల్ జట్లు ఆ చోట ఎక్కువగా విదేశీయుల్నే పెట్టుకుంటాయి. ఆ మాటకొస్తే మనోలో కూడా అంతే. మన కప్పు సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఓగ్‌బెచే నైజీరియా ఆటగాడు. క్లబ్ కోచ్‌గా వాడిన సులువు, దేశం కోచ్‌గా ఆయనకే అడ్డం తిరిగింది.

ఆయన వెళ్లాక మన జట్టు జీతాలివ్వలేని స్థితికొచ్చింది. 2025లో ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మార్చేశారు. అప్పుడు కొన్న పసుపు జెర్సీ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మొన్న లిఫ్ట్‌లో ఓ కుర్రాడు చూసి అడిగాడు: “అన్నా, ఇది సీఎస్‌కేదా?”