కడప దాటాం, గడప దాటలేదు

అమెరికాలో 'సెమెస్టర్ ఎట్ సీ' అని ఓ చదువుంది. 1963లో మొదలైంది. సెమెస్టరంతా ఓడలోనే కాపురం, సముద్రం మీద క్లాసులు, రేవు రేవుకో దేశం. "డబ్బున్నోళ్ళ విహారయాత్రలే" అని మా ఫ్రెండొకడు కొట్టిపారేశాడు. ఖరీదు మాట నిజమే. కానీ నవ్వే హక్కు మనకుందా?

నా సంగతే చెప్తా. కడప నుంచి ఎమ్మెస్‌కి వెళ్ళి రెండేళ్ళున్నా. రూములో నలుగురం, నలుగురూ సీమోళ్ళే. వంటకి వంతులు, ఆదివారం ఉగ్గాని, రిలీజు రోజు సినిమా. పక్క ఫ్లాటులోని నైజీరియా కుర్రాడి పేరు ఇల్లు ఖాళీ చేసే రోజుదాకా నాకు తెలీదు! డిగ్రీ వచ్చింది. మనిషిగా అంగుళం పెరగలేదు.

"అప్పు చేసి వచ్చాం, కష్టమొస్తే మనోళ్ళేగా తోడు" అంటారు. ఒప్పుకుంటా, మొదటి ఆర్నెల్లకి. ఆ తర్వాత అది తోడు కాదు, గోడ.

2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్ళే, భూమిని చుట్టొచ్చారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. 55 అడుగుల పడవ, 254 రోజులు. అలిగి తలుపేసుకునే చోటేదీ? సర్దుకుపోవడం అక్కడ నీతిపాఠం కాదు, ప్రాణావసరం.

ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు రావడం చూస్తూ పెరిగినోళ్ళం మనం. కడప అంటేనే గడప కదా, తిరుమలకి తొలి గడప. సముద్రం దాటినోళ్ళం, ఆ ఒక్క గడప దాటలేమా?

ఓడ అక్కర్లేదు బాసూ. పక్కింటి తలుపు కొట్టండి, చాలు.