గుర్రం పరుగుకి డబ్బా అడ్డమా?

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో కొందరికి అది ఉన్నదున్నట్టుగా ఆనదు. మొదట ఇంజిన్‌కి గాలి అందించే గొట్టం మారుస్తారు. ఆ తర్వాత వెనకాల సైలెన్సర్. అయినా తృప్తి ఉండదు. అప్పుడు చూపు కారు కిందున్న ఓ స్టీలు డబ్బా మీద పడుతుంది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్. దాన్ని తీసేసి, పొగ మరింత సులువుగా బయటికి పోయే ‘హైఫ్లో’ రకం బిగించడం అమెరికాలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు బాగా తెలిసిన ముచ్చటే.

నిస్సాన్ 350జెడ్ సంగతే చూడండి. 2002లో అమెరికా మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని సత్తా 287 హార్స్‌పవర్. మూడున్నర లీటర్ల ఇంజిన్. ఆరు సిలిండర్లు... రెండు వరసల్లో మూడేసి. ఒక్కో వరస పొగకి ఒక్కో కన్వర్టర్. అంటే మారిస్తే రెండూ మార్చాలి. ఖర్చూ రెండింతలే!

డబ్బాలో ఏముంది?

లోపల తేనెపట్టులాంటి దిమ్మ ఉంటుంది. దాని సన్నటి గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత. ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ప్రాణం మాత్రం తీస్తుంది. వేడెక్కిన ఆ పూతకి తగలగానే అది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లకూ అక్కడే చికిత్స.

మామూలు కన్వర్టర్లలో చదరపు అంగుళానికి 400 గదులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. హైఫ్లో రకాల్లో చాలావాటికి 200. ఇరుకు సందులో నడిస్తే భుజం గోడకి రాసుకోక తప్పదు. వెడల్పు రోడ్డు మధ్యలో నడిచేవాడికి గోడ తగలదు. హైఫ్లోతో జరిగేదీ అదే. పొగ చకచకా పోతుంది, పూతకి తగలకుండా పోయేదీ పెరుగుతుంది.

మరి లాభమెంత? టర్బో ఉన్న కార్లలో తేడా బాగానే తెలుస్తుంది. 350జెడ్‌లాంటి టర్బో లేని ఇంజిన్లో పెరిగే హార్స్‌పవర్‌ని చాలాసార్లు వేళ్ల మీదే లెక్కపెట్టొచ్చు. ఎక్కువగా మారేది చప్పుడే!

దీపం వెలిగిందా...

బిగించడమూ తేలిక కాదు. పొగగొట్టం పూర్తిగా చల్లారాలి. కారుని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టాలి. వేడికి పట్టేసిన బోల్టులు విరక్కుండా ముందే నూనె పోసి నాననివ్వాలి. కొత్త గ్యాస్కెట్లు వేయాలి. అతుకు దగ్గర సందు మిగిలితే విషవాయువు కారులోకే రావచ్చు.

కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లలోని కంప్యూటర్ ఈ రెండింటినీ పోల్చి చూస్తుంది. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనిపిస్తే హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. చవక రకం హైఫ్లో కొన్నవాళ్లకు ఈ దీపం తరచూ పలకరిస్తుంది. సెన్సర్‌ని మభ్యపెట్టే చిట్కాలున్నాయి. దాంతో దీపం ఆరుతుందేమోగానీ పొగ మారదు.

చట్టం కూడా ఊరుకోదు. పనిచేస్తున్న కన్వర్టర్‌ని తీసేయడం అమెరికాలో నేరం. కాలిఫోర్నియాలో అయితే బయట కొన్న కన్వర్టర్‌కి, ఆ మోడల్ కారుకి సరిపోతుందంటూ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టూ చెప్పింది.

ఈ డబ్బా ఊరికే రాలేదు. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఇంజినీరు యూజీన్ హుడ్రీ, లాస్ ఏంజెలిస్‌ని కమ్మేస్తున్న పొగ గురించి తెలిసి 1950ల్లో దీనికోసం పాటుపడ్డారు. కానీ అప్పటి పెట్రోల్లోని సీసం పూతని పాడుచేసేది. 1962లో ఆయన కన్నుమూశారు. అమెరికా కార్లకు కన్వర్టర్లు విరివిగా వచ్చింది 1975 మోడళ్లతో. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లోని కొత్త పెట్రోలు కార్లతో మొదలైంది.

కారు ముచ్చట తప్పేం కాదు. కాకపోతే పెరిగిన ఆ నాలుగు గుర్రాల సరదా స్టీరింగ్ పట్టుకున్నవాడిది. వాటి పొగ మాత్రం వెనక స్కూటర్ మీద నాన్న నడుం పట్టుకుని కూర్చున్న పిల్లాడిది.