పేరు గ్రాఫీన్, లోపల ఏముంది?



మన తమిళనాడులో శివగంగ దగ్గర గ్రాఫైట్ గని ఉంది. తవ్వేది ప్రభుత్వ సంస్థ టామిన్. పెన్సిల్‌తో గీస్తే కాగితం మీద పడేదీ గ్రాఫైటే. దాన్ని పేకముక్కల కట్ట అనుకోండి. ఒక్కో ముక్క ఒకే పరమాణువు మందమున్న కార్బన్ రేకు. ఆ రేకు పేరే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ మామూలు అంటుకునే టేపుతో ఆ రేకును ఊడదీశారు. 2010లో వారికి నోబెల్ వచ్చింది.

టేపుతో పరిశోధన సాగుతుంది గాని వ్యాపారం సాగదు. 2014లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వారు గ్రాఫైట్ పొడిని ద్రవంలో వేసి జోరుగా తిప్పితే రేకులు విడిపోతాయని చూపించారు. వంటింటి బ్లెండరు, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కూడా పని జరిగింది. అంటే పెద్ద ఎత్తున తయారుచేసే దారి దొరికినట్టే.

చిక్కంతా ఆ తర్వాతే. ఒక రేకు ఒక పొర, ఇంకొకటి ఐదు పొరలు, చాలా భాగం విడిపోని గ్రాఫైట్. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేయాలి. దానికి ఖర్చుంది, సరుకూ తగ్గుతుంది. ఆ పని ఎగ్గొడితే బరువు మిగులుతుంది. కంటికి రెండూ నల్లపొడే కదా! 2018లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 60 కంపెనీల సరుకు పరీక్షించి చూస్తే, చాలా వాటిలో అసలు గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు.

రైల్వే గూడ్స్ రసీదు మీద ‘సెడ్ టు కంటెయిన్’ అని రాస్తారు. లోపల ఫలానా సరుకు ఉందని పంపినవాడు చెప్పాడు, మేము విప్పి చూడలేదు అని దానర్థం. నేటి గ్రాఫీన్ అమ్మకం చాలావరకు ఆ రసీదు లాంటిదే.

మందపు రేకులు కూడా కొన్ని పనులకు చాలుతాయి అంటారు. నిజమే. అలాగైతే ఆ పేరుతో, ఆ ధరకు అమ్మాలి. పరీక్ష ఖర్చు చిన్న యూనిట్లు మోయలేవు అంటారు. అదీ నిజమే. అందుకే ప్రభుత్వం రాయితీ కంటే ముందు, అందరికీ అందుబాటులో ఒక పరీక్షశాల పెట్టాలని నేనంటాను. లేకపోతే నిజాయితీగా వేరుచేసి అమ్మేవాడే ముందు మూతపడతాడు.

మన పిల్లల్లో ఎవరైనా ఈ వ్యాపారంలో డబ్బు పెట్టబోతుంటే మూడే ప్రశ్నలు అడగమనండి: ఎన్ని పొరలు, ఎంత శాతం, కొలిచింది ఎవరు? మూడోదానికి జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉండనివ్వండి.